రోడ్డు మీద గుర్రపు స్వారీకి హెల్మెట్ కెమెరా: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

నమస్తే అండీ. మీరడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లో పల్లె రోడ్ల మీద గుర్రంపై వెళ్తుంటే కార్లు మరీ ఒరుసుకుంటూ పోతున్నాయి, పోలీసులకు చూపించడానికి ఏదో ఒక ఆధారం కావాలి. ఇంట్లో పాత గోప్రో (ఒంటికి, హెల్మెట్‌కి తగిలించే యాక్షన్ కెమెరా) ఉంది. దాన్నే హెల్మెట్‌కి తగిలించుకోవచ్చా, కొత్తది కొనాలా? పిల్లల స్వారీ సంఘమైన ‘పోనీ క్లబ్’కి వెళ్లే మీ అమ్మాయికి కూడా ఒకటి పెట్టొచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. హెల్మెట్ మీద గోప్రో వద్దు. యాభై గ్రాములకు అటూ ఇటూ ఉండే చిన్న కెమెరా గానీ, హెల్మెట్ ముందు అంచు కింద ఇమిడిపోయే పలచటి కెమెరా గానీ తీసుకోండి. కొమ్మకో నేలకో తగిలితే ఊడిపోయేలా బిగించండి. గుర్రాన్ని అడ్డంకుల మీదుగా దూకించే సాధనకు, అంటే జంపింగ్‌కి, క్రాస్ కంట్రీకి వెళ్లేటప్పుడు అదీ తీసేయండి. అమ్మాయికి పోనీ క్లబ్‌లో కుదరదు. గుర్రం మీద ఉండగా రికార్డింగ్ పరికరాలు పెట్టుకోవడానికి బ్రిటన్ పోనీ క్లబ్ నియమాలు ఒప్పుకోవు. ఒక్కో పోటీ సంస్థకు ఒక్కో నియమం ఉంటుంది కాబట్టి, మీరు దిగే ప్రతి పోటీకీ ఆ ఏడాది నియమావళి తెరిచి చూసుకోవాలి.

ఇక కారణాలు.

గుర్రపు స్వారీ హెల్మెట్లకు పీఏఎస్ 015, ఏఎస్‌టీఎం ఎఫ్1163, ఈఎన్ 1384 లాంటి ప్రమాణాలున్నాయి. ఆ పరీక్షలన్నీ ఉత్త హెల్మెట్‌తోనే చేస్తారు. పైన ఒక గట్టి ముద్ద అంటించాక ఆ హెల్మెట్ ఎలా పనిచేస్తుందో ఆ సర్టిఫికెట్ చెప్పదు. గుండ్రటి నున్నటి డిప్ప నేలకు తగిలినప్పుడు దెబ్బ కొంత పరుచుకుంటుంది, తల కొంత జారుతుంది. మధ్యలో కెమెరా ఉంటే రెండు రకాల చేటు జరగొచ్చు. బలమంతా ఒక చిన్న చోటనే పడుతుంది, లేదా కెమెరా నేలకు తట్టుకుని తల ఒక్కసారిగా మెలి తిరుగుతుంది. 2013 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో స్కీయింగ్ చేస్తూ కారు రేసుల ఛాంపియన్ మైకేల్ షూమాకర్ పడిపోయినప్పుడు ఆయన హెల్మెట్‌కి కెమెరా ఉంది. గాయం అంత తీవ్రం కావడానికి కెమెరాయే కారణమని అప్పట్లో బాగా ప్రచారం జరిగింది. అది రుజువు కాలేదు. కానీ గుర్రపు క్రీడల్లో కెమెరాల మీద చర్చ గట్టిగా మొదలైంది ఆ తర్వాతే.

రోడ్డు మీద నడకలో, నెమ్మది ట్రాట్‌లో (అంటే చిన్న పరుగులో) పోయేవాళ్లకు లాభనష్టాలు బేరీజు వేస్తే, చిన్న కెమెరా పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. దీన్ని కాదనే శిక్షకులూ ఉన్నారు, వాళ్ల మాటనూ తీసిపారేయలేం. మీ హెల్మెట్ తయారీదారు సూచనల కాగితంలో "పైన ఏమీ అంటించరాదు" అని ఉంటే మాత్రం చర్చే లేదు.

బరువు సంగతి. స్వారీ హెల్మెట్ సుమారు అరకిలో ఉంటుంది. కొత్త తరం గోప్రో హీరో బ్లాక్ రకాలు 150 గ్రాములు దాటుతాయి. అంటే దాదాపు మూడో వంతు బరువు అదనంగా, అదీ తలకు పైనో పక్కనో పడుతుంది. ట్రాట్‌లో ప్రతి అడుగుకూ హెల్మెట్ కాస్త కదులుతుంది. గంట గడిచేసరికి మెడ పట్టేస్తుంది, హెల్మెట్ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన హెల్మెట్ ఎలాగూ సరిగా కాపాడదు. ఇన్‌స్టా360 గో 3 అయితే 35 గ్రాములు, గో 3ఎస్ 39 గ్రాములు, డీజేఐ ఆస్మో నానో 52 గ్రాములు. కామ్‌బాక్స్ అనే ఫ్రెంచి కెమెరాను హెల్మెట్ ముందు అంచు కింద పట్టేలా పలచగా చేశారు. పైకి పొడుచుకు రాదు కాబట్టి కొమ్మలకు తగులుకునే బెడద తక్కువ. టెకాలాజిక్ డీసీ-1కి ముందూ వెనకా రెండు లెన్సులు ఉంటాయి. వెనకనుంచి వచ్చే కారును పట్టుకోవడానికి అది పనికొస్తుంది గానీ బరువూ పొడవూ ఎక్కువ. నేనైతే రెండు లెన్సుల మోజుకు పోను.

చిన్న కెమెరాకు ఒక పెద్ద లోపం ఉంది, బ్యాటరీ. గో 3 లాంటివి విడిగా వాడితే ముప్పావు గంటకు మించి రావు. చలికాలంలో ఇంకా తక్కువ. కాబట్టి పొలాల మధ్య బాటల్లో ఆపేసి, రోడ్డెక్కే ముందు ఆన్ చేయాలి. గుర్రం కదులుతుండగా ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని రెండో చేత్తో హెల్మెట్ తడుముకోవడం మంచిది కాదు. గేటు దగ్గర గుర్రాన్ని నిలబెట్టి నొక్కండి. కెమెరాకు రిమోట్ దొరికితే కొనండి, ఆ డబ్బు దండగ కాదు. పవర్ బ్యాంకు జేబులో పెట్టుకుని, వైరు హెల్మెట్ దాకా లాక్కునేవాళ్లను చూస్తుంటాం. ఆ పని ఎన్నడూ చేయకండి. పడ్డప్పుడు మెడకు చుట్టుకునేది అదే.

4కే అవసరమా? అమ్మేవాళ్లు చెప్పినంత అవసరం లేదు, అలాగని అసలు అక్కర్లేదనీ కాదు. లెక్క వేసి చూద్దాం. బ్రిటన్ నంబర్ ప్లేటు మీద ఒక్కో అక్షరం 79 మిల్లీమీటర్ల ఎత్తు, 50 మిల్లీమీటర్ల వెడల్పు. 1080పీ కెమెరా, అంటే అడ్డంగా 1920 చుక్కలు (పిక్సెళ్లు) ఉండేది, 120 డిగ్రీల వెడల్పు చూపిస్తే ఒక్కో డిగ్రీకి సుమారు 16 చుక్కలు వస్తాయి. 5 మీటర్ల దూరంలో ఆ అక్షరం ఎత్తు 14 చుక్కలు, చదవొచ్చు. 10 మీటర్లలో 7 చుక్కలే, అప్పుడు 8 ఏదో బి ఏదో తేలదు. అంటే ఏడు మీటర్లు దాటితే ఆశ వదులుకోవాలి. గంటకు 40 మైళ్లతో పోయే కారు ఆ ఏడు మీటర్లను సెకనులో సగం కూడా పట్టకుండా దాటేస్తుంది. మీకు దక్కేది సెకనుకు 30 ఫ్రేముల్లో అయితే పన్నెండు, 60 ఫ్రేముల్లో అయితే ఇరవై మూడు బొమ్మలు. అందులో ఒక్కటి స్పష్టంగా ఉన్నా చాలు.

అదే కెమెరాను 90 డిగ్రీలకు కుదిస్తే ఏడు మీటర్ల దగ్గర అక్షరానికి 13, 14 చుక్కలు వస్తాయి. పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది. అందుకే ముందు సెట్టింగుల్లో వెడల్పు తగ్గించండి, ఆ తర్వాతే రిజల్యూషన్ పెంచడం గురించి ఆలోచించండి. ఎంత వెడల్పుగా తీస్తే అంత మంచిదనుకుని అల్ట్రావైడ్‌లో పెట్టేవాళ్లకు చివరికి దక్కేది గుర్రం చెవులూ బోలెడంత ఆకాశమూ. 4కే పెడితే చుక్కలు రెట్టింపవుతాయి, నిజమే. కానీ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కెమెరా వేడెక్కుతుంది. 2.7కే ఉంటే అది మధ్యేమార్గం.

కుదుపులు తగ్గించే స్టెబిలైజేషన్‌ను తక్కువలో పెట్టండి. ఎక్కువ పెడితే చూడ్డానికి నునుపుగా ఉంటుంది గానీ అంచులు కత్తిరిస్తుంది, మబ్బు పట్టిన రోజున ప్లేటు మీద మసక తెస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, అర స్టాపు (సెట్టింగుల్లో -0.5) తగ్గిస్తే వెలుగును వెనక్కి కొట్టే ఆ ప్లేట్లు తెల్లగా మాడిపోకుండా ఉంటాయి. మెమరీ కార్డు వీ30 అనే వేగపు రకానిది, పదేపదే చెరిపి రాయడానికి తయారు చేసినది తీసుకోండి. సెకనుకు 30 మెగాబిట్ల వేగంతో రాస్తే గంటకు 13.5 జీబీ అవుతుంది కాబట్టి 64 జీబీ కార్డులో నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. లూప్ రికార్డింగ్ (కార్డు నిండితే పాతది చెరిపి కొత్తది రాసే సదుపాయం) ఉంటే ఐదు నిమిషాల ముక్కల్లో పెట్టుకోండి. ఏదైనా జరిగితే ఇంటికి చేరేదాకా మళ్లీ ఆన్ చేయకండి, పాతది చెరిగిపోతుంది.

బిగించడం. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. మోటార్‌సైకిల్ వ్లాగర్లు వాడే గడ్డం దగ్గరి మౌంటు దీనికి పనికిరాదు, స్వారీ హెల్మెట్‌కి ఆ భాగమే ఉండదు. గోప్రోతో వచ్చే శాశ్వతపు జిగురు పట్టు కూడా వద్దు. అది ఒకసారి అతుక్కుంటే హెల్మెట్ చీలినా ఊడదు. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

నున్నటి ప్లాస్టిక్ డిప్ప అయితే, సబ్బు నీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు లాంటివి ముట్టించొద్దు. కొన్ని ప్లాస్టిక్కులు వాటికి కంటికి కనిపించని బీటలు వారతాయి. తర్వాత డ్యూయల్ లాక్ (వెల్క్రో లాంటిదే, ప్లాస్టిక్ పట్టు) లేదా వెల్క్రో ముక్క, సుమారు అంగుళం చదరం, అంటించండి. గది వెచ్చగా ఉన్నప్పుడు అంటించి ఒక రోజంతా కదపకండి. ఇంగ్లండ్ జనవరిలో చల్లటి జీనుల గదిలో అంటించి అరగంటలో బయల్దేరితే కెమెరా దారిలోనే పోతుంది. ఎంత గట్టిగా పట్టుకోవాలన్నదానికి ప్రమాణమంటూ లేదు. నేను పాటించే కొలత ఇది: తలను జోరుగా ఊపితే కదలకూడదు, రెండు వేళ్లతో పక్కకు గుంజితే ఊడి చేతిలోకి రావాలి. రాలేదంటే ముక్క సైజు తగ్గించండి. డ్రిల్లుతో రంధ్రం పెట్టడం గురించి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. రంధ్రం పెట్టిన హెల్మెట్ ఇక చెత్తబుట్టకే.

వెల్వెట్, స్వెడ్ హెల్మెట్లకు జిగురు పట్టదు, పట్టినా గుడ్డను చింపుకుని వస్తుంది. వాటికి సాగే పట్టీ ఒక్కటే దారి. పైన సిల్కు టోపీ తొడిగే జాకీ స్కల్ రకం హెల్మెట్ అయితే పట్టీ సిల్కు మీద జారిపోతూ ఉంటుంది. లోపలివైపు రబ్బరు గీతలున్న పట్టీ తీసుకోండి. కెమెరా పోతుందేమోనని దారంతో గడ్డం పట్టీకి కట్టొద్దు. ఊడిన కెమెరా దారానికి వేలాడుతూ కళ్లకూ దవడకూ కొడుతుంది. పోతే కంచెలో వెతుక్కోవచ్చు.

ఎక్కడ పెట్టాలి? నడినెత్తిన వద్దు, కొమ్మలకు మొదట తగిలేది అదే. అంచు కింద పట్టే రకం కాకపోతే కణత పైన, కాస్త ముందుకు, కుడివైపు పెట్టండి. బ్రిటన్‌లో మీరు ఎడమ పక్కన వెళ్తారు, వాహనాలు మీ కుడి పక్కనుంచి దాటుతాయి. వంపు సరిచూసేది నేల మీద నిలబడి కాదు, జీను మీద కూర్చున్నాక. ఎదురుగా మామూలుగా చూస్తూ ముప్పై సెకన్లు రికార్డు చేసి ఫోనులో చూడండి. గుర్రం చెవులు తెరలో కింది అయిదో వంతులో ఉండాలి. చెవులు తెర మధ్యలో ఉన్నాయంటే కెమెరా నేల చూపులు చూస్తోందని లెక్క. ట్రాట్‌లో మీరు కొంచెం ముందుకు వంగుతారు కాబట్టి అప్పుడూ ఒకసారి చూసుకోండి.

ఛాతీ మీద పెట్టుకుంటే పోలా అంటారేమో. బోర్లా పడితే రొమ్ము ఎముక మీద గుచ్చుకుంటుంది. పైగా తిప్పి చూపడానికి వీలు కాదు, తల తిరిగినంత ఛాతీ తిరగదు. పడ్డప్పుడు ఉబ్బి కాపాడే గాలి జాకెట్ వేసుకునేవాళ్లయితే ఆ ఆలోచనే మానుకోండి. జాకెట్ ఉబ్బడానికి చోటు కావాలి, పైన ఏ బెల్టూ కెమెరా పట్టీ ఉండకూడదు.

ఇక గుర్రం. కెమెరా బీపులు, మాటతో ఆన్ అయ్యే సదుపాయం, మిణుకుమనే లైటు మూడూ ఆఫ్ చేయండి. మీ చెవి పక్కన వచ్చే బీపు దానికీ వినిపిస్తుంది, అసలే బెదురు గుర్రమైతే కారు వచ్చే సమయంలో ఇంకో బెదురు ఎందుకు? మొదటి రెండు రోజులు మేనేజ్‌లో, అంటే కంచె లోపలే, పెట్టుకుని తిరగండి.

వాడకంలో అసలు కిటుకు తలలో ఉంది. హెల్మెట్ కెమెరా మీరు చూసిందే చూస్తుంది. వెనకనుంచి ఇంజను చప్పుడు వినగానే భుజాలు కదపకుండా తల మాత్రం తిప్పి ఒక సెకను కారు వైపు చూడండి. భుజం తిప్పితే బరువు మారుతుంది, గుర్రం అటు జరుగుతుంది. మీ ముఖం కనిపిస్తే చాలామంది డ్రైవర్లు వేగం తగ్గిస్తారు కూడా. కారు దాటిపోయాక కోపంతో చెయ్యి ఊపుతూ గుర్రం మెడకేసి చూడకండి, వెనక ప్లేటు మీద చూపు నిలపండి. నంబరు, రంగు, కంపెనీ పైకి చదవండి. బొమ్మలో అక్షరం తేలకపోయినా మీ గొంతు రికార్డవుతుంది. మైకు రంధ్రం మీద చిన్న స్పాంజి ముక్క ఉంచితే గాలి హోరు తగ్గుతుంది.

దూరం విషయంలో ఒక చిక్కు ఉంది. 2022 జనవరిలో సవరించిన హైవే కోడ్ (బ్రిటన్ రోడ్డు నియమావళి) 215వ నియమం ప్రకారం గుర్రాన్ని దాటేవాళ్లు గంటకు 10 మైళ్ల లోపు వేగంతో, కనీసం 2 మీటర్ల ఎడం వదిలి వెళ్లాలి. కానీ వెడల్పు లెన్సు అన్నింటినీ దూరంగా చూపిస్తుంది. మీ మోకాలికి మీటరు దూరంలో పోయిన కారు తెర మీద తాపీగా అవతల పోతున్నట్టు ఉంటుంది. చూసే అధికారికి "ఇందులో ఏముంది?" అనిపిస్తుంది. దీనికి మందు కొలత క్లిప్పు. గుర్రపుశాల ఆవరణలో, ఇంజను ఆపిన కారు పక్కన గుర్రాన్ని ఒకరు పట్టుకుని నిలబెట్టాలి. మీ రికాబు నుంచి కారు అద్దం దాకా టేపుతో కొలిచి 1, 1.5, 2 మీటర్ల దూరాల్లో ఒక్కోసారి రికార్డు చేయండి. కెమెరా స్థానం, సెట్టింగులు మీరు రోజూ వాడేవే ఉండాలి. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ క్లిప్పు సంగతి ప్రస్తావించండి, ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా అర్థమవుతుంది.

గడియారం. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో గంట మారుతుంది. యాప్‌కి కలపని కెమెరా తనంతట తాను మారదు. గంట తేడా ఉన్న వీడియో మీద అనవసరపు ప్రశ్నలొస్తాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా పోలీసు దళాలు ఆపరేషన్ స్నాప్ పేరుతో ఇలాంటి వీడియోలను ఆన్‌లైన్‌లో తీసుకుంటాయి. కేసు పెట్టాలనుకుంటే చాలా డ్రైవింగ్ నేరాల్లో వాహన యజమానికి 14 రోజుల లోపు నోటీసు చేరాలి. కాబట్టి వారం తర్వాత తీరిగ్గా పంపుదామంటే కుదరదు, ఒకటి రెండు రోజుల్లో పంపేయండి. అసలు ఫైలును కత్తిరించకుండా భద్రపరచండి. ఘటనకు ముందూ వెనకా రెండేసి నిమిషాలు సాధారణంగా అడుగుతారు, మీ ప్రవర్తన ఎలా ఉందో కూడా వాళ్లు చూస్తారు. సంగీతం, బాణం గుర్తులు వద్దు. ఫేస్‌బుక్‌లో ముందే పెట్టేయడం అన్నిటికన్నా చేటు. అవసరమైతే వాంగ్మూలం ఇవ్వడానికి, కోర్టుకు రావడానికి సిద్ధమేనా అని అడుగుతారు, కాదంటే చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. బ్రిటిష్ హార్స్ సొసైటీ వాళ్ల హార్స్ ఐ యాప్‌లో కూడా నమోదు చేయండి. అది గణాంకాల కోసం, పోలీసు ఫిర్యాదుకు బదులు కాదు.

పడిపోతే హెల్మెట్ మార్చాల్సిందే, కెమెరా ఉన్నా లేకపోయినా. మీరు ఎలా పడ్డారో, ఎంతసేపు కదల్లేదో డాక్టరుకు చెప్పడానికి వీడియో పనికొస్తుంది. కార్డు తీసి పక్కన పెట్టండి.

మీ పాత గోప్రోని పారేయకండి. మేనేజ్ మూలలో ఒక స్తంభానికి భుజాల ఎత్తున బిగించి మీ పాఠం రికార్డు చేసుకోండి. మడమ కిందికి ఉందా, చేతులు నిలకడగా ఉన్నాయా అన్నది హెల్మెట్ కెమెరాలో ఎన్నటికీ కనిపించదు, ఇందులో కనిపిస్తుంది. అమ్మాయికి కూడా ఇదే మంచి పద్ధతి. ఒకే ఒక్క షరతు, వేరే పిల్లలు ఫ్రేములో ఉంటే వాళ్ల తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయొద్దు.

హైదరాబాద్, వైజాగ్‌లలో స్వారీ చేస్తూ ఇది చదివేవాళ్లకు ఒక మాట. ఎండాకాలంలో 4కే పెడితే కెమెరా వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది, 1080పీలోనే ఉంచండి. ఎండలో కారులో వదిలేసిన హెల్మెట్ మీద జిగురు మెత్తబడుతుంది, బయల్దేరే ముందు గుంజి చూడండి. అరీనా దుమ్మును పొడిగుడ్డతో రుద్దితే లెన్సు గీతలు పడుతుంది, ముందు ఊదేసి ఆ తర్వాత తడిగుడ్డతో తుడవండి.

మీ హెల్మెట్ వెల్వెట్‌దా ప్లాస్టిక్‌దా, ముందు అంచు వంగేదా గట్టిదా రాయండి. వంగే అంచు అయితే కింద పట్టే కెమెరా ట్రాట్‌లో ఊగుతుంది, అప్పుడు పక్కన పెట్టే రకమే కొనాలి.